ముందు కరెంటు, తర్వాతే వాన: ఇంటి అబ్జర్వేటరీ కప్పుకు ఎన్ని రక్షణలు?

హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల గాలివానకు ఒక వరస ఉంటుంది. పగలంతా ఎండ మాడ్చేస్తుంది. సాయంత్రానికి ఒక మూల మబ్బు కమ్ముతుంది. ఉన్నట్టుండి ఈదురుగాలి లేచి దుమ్ము కళ్లలో కొడుతుంది. ఎక్కడో కొమ్మ విరిగి తీగల మీద పడుతుంది, లేదా పడకముందే లైను ఆపేస్తారు. వీధంతా చీకటి. ఆ తర్వాత ఐదు నిమిషాలకో పావుగంటకో రూపాయి బిళ్లంత చినుకులు మొదలవుతాయి. డాబా మీద బట్టలు ఆరేసే ఏ ఇల్లాలికైనా ఈ వరస కంఠతా వచ్చు. గాలి లేవగానే మెట్లెక్కుతుంది తప్ప చినుకు పడేదాకా ఆగదు.

అదే డాబా మీద లక్షలు పెట్టి కట్టుకున్న అబ్జర్వేటరీలో, అంటే టెలిస్కోపుతో ఆకాశం చూసే గదిలో, పక్కకు జరిగే ఆటోమేటిక్ కప్పు మాత్రం తరచుగా చినుకు కోసమే ఆగుతుంది. రెయిన్ సెన్సర్ తడిస్తే కంప్యూటర్‌కు కబురు, కంప్యూటర్ నుంచి మోటారును నడిపే కంట్రోలర్ బోర్డుకు ఆజ్ఞ, కంట్రోలర్ నుంచి మోటారుకు కరెంటు. కాగితం మీద ఈ గొలుసు బాగుంటుంది. కానీ చినుకు పడే వేళకు మోటారుకు అందాల్సిన కరెంటు పోయి పది నిమిషాలై ఉంటుంది.

మోటారుతో జరిగే కప్పుకు బ్యాకప్ అనగానే బ్యాటరీ కొనడమో రెండో సెన్సర్ బిగించడమో గుర్తుకొస్తుంది. అసలు ప్రశ్న వేరే ఉంది. మొదటిదాన్ని పడగొట్టిన కారణమే రెండోదాన్నీ పడగొడుతుందా? పడగొట్టేటట్టయితే అవి రెండైనా ఒకటే. వేసవి గాలివాన ఒక్క దెబ్బకు గాలి, చీకటి, వాన, పిడుగు, ఇంటర్నెట్ కోత అన్నీ తెచ్చిపెడుతుంది. ఇంట్లో వైఫై పోయాక ఫోన్‌కు వచ్చే హెచ్చరిక అనే రక్షణ లేనట్టే లెక్క.

కొత్తవారి కోసం రెండు మాటలు. నాలుగు గోడలు, పైన రేకుల కప్పు, కప్పు కింద చక్రాలు, గోడల మీదుగా బయటికి సాగిన రెండు యాంగిల్ పట్టాలు. ఇంతే నిర్మాణం. చీకటి పడ్డాక కప్పు మొత్తం పక్కకు జరిగితే టెలిస్కోపు నేరుగా ఆకాశం కింద నిలుస్తుంది. నగరంలో పెద్ద వేధశాలల సంప్రదాయం గుమ్మటాలది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టి, తర్వాత బేగంపేట చేరిన నిజామియా అయినా, ఉస్మానియా విశ్వవిద్యాలయం రంగాపూర్‌లో నెలకొల్పిన 48 అంగుళాల టెలిస్కోపు అయినా ఉండేది గుమ్మటాల కిందే. గుమ్మటం తెరిచి ఉండగా వాన వస్తే చీలికలోంచి పడేదే లోపలికి వస్తుంది. జరిగే కప్పు తెరిచి ఉండగా వస్తే మొత్తం టెలిస్కోపు మీదే. అయినా ఇళ్ల మీద ఇదే నెగ్గుతోంది. గుమ్మటం చేసేవాళ్లు దొరకాలి, దీనికి గేట్లు చేసే ఫ్యాబ్రికేషన్ షాపు చాలు. మోటారు కూడా గేటుదే. అపార్టుమెంటు గేటును ఈడ్చే స్లైడింగ్ మోటారు సికింద్రాబాద్ రాణిగంజ్ బజారులో దొరుకుతుంది, దానికి పళ్ల పట్టీ బిగిస్తే కప్పు కదులుతుంది.

ఆ మోటారుకు పడే బరువు ఎంతో ఒకసారి లెక్క కట్టడం మంచిది. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, 300 కిలోల కప్పు అనుకుందాం. పట్టాలు శుభ్రంగా ఉంటే దాన్ని కదిలించడానికి బరువులో నూటికి మూడు వంతులు, అంటే దాదాపు 9 కిలోల తోపు చాలు. పావురాల రెట్ట గట్టిపడి, సంక్రాంతి మాంజా ఇరుసుకు చుట్టుకుని, ఒక పట్టా కాస్త వంగినా పాతిక కిలోలతో పని జరిగిపోతుంది. ఇద్దరు మనుషులు చేత్తో నెట్టేయగలరు. ఇప్పుడు గంటకు 60 కిలోమీటర్ల ఎదురుగాలి వేయండి. 80 సెంటీమీటర్ల ఎత్తున్న కప్పు ముఖం మీద అది దాదాపు 50 కిలోల బలంతో తోస్తుంది. రోజూ సాఫీగా తిరిగే మోటారుకు అవసరమైన రోజున ఐదారింతల పని. ప్రశాంతమైన శీతాకాలపు సాయంత్రం చేసిన పరీక్షలో ఇది బయటపడదు.

కాబట్టి మోటారు ఎంచుకునేటప్పుడు కప్పు బరువు ఒక్కటే చూస్తే చాలదు, ఎదురుగాలినీ లెక్కలో వేయాలి. బ్యాటరీ విషయంలో మాత్రం లెక్క తిరగబడుతుంది. గేటు మోటార్లు నిమిషానికి 10, 12 మీటర్లు లాగుతాయి. మూడు మీటర్లు మూయడానికి 20 సెకన్లు పట్టదు. 24 వోల్టుల డీసీ మోటారు ఆ 20 సెకన్లూ 10 ఆంపియర్లు తాగినా 7 ఆంపియర్-గంటల చిన్న బ్యాటరీలో నూటికి ఒక వంతు కూడా ఖర్చు కాదు. పెద్ద బ్యాటరీ కొనాల్సిన పనే లేదు. చెడేది దాని ఆరోగ్యం. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో డాబా మీద ఇనుప డబ్బాలో కూర్చున్న లెడ్-యాసిడ్ బ్యాటరీ మాట చెప్పనక్కర్లేదు. 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకూ దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. అది ఏ హెచ్చరికా ఇవ్వదు. మీటరు పెడితే వోల్టేజి నిండుగా చూపిస్తుంది, మోటారు తగిలించగానే కూలిపోతుంది. నీడలో, వీలైతే కింది అంతస్తులో పెట్టి మందమైన తీగ లాగడం ఒక దారి. రెండేళ్లకోసారి మార్చేయడం ఇంకో దారి. రెండూ చేసేవాళ్లు నిశ్చింతగా పడుకుంటారు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఉంటుంది, కానీ దాని లైను డాబా దాకా వెళ్లిందో లేదో చూసుకోవాలి. పైగా 230 వోల్టుల ఏసీ మోటారును స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిపితే గుర్రుమంటుంది, వేడెక్కుతుంది, ఎదురుగాలిలో అయితే మొరాయిస్తుంది. బ్యాటరీ నుంచి నేరుగా తిరిగే డీసీ మోటారుకు ఈ మధ్యవర్తి అక్కర్లేదు. కొత్తగా కట్టేవారికి ఏసీ మోటారు ఎంచుకోవడానికి మంచి కారణం కనిపించదు.

ఇక ఎప్పుడు మూయాలన్న ప్రశ్న. ఇక్కడే ఈ ఊరి వరసను వాడుకోవచ్చు. కరెంటు పోయిందంటే మూసెయ్ అన్న ఒక్క నియమం వేసవిలో ఖరీదైన సెన్సర్లన్నిటికంటే ముందు మేల్కొంటుంది. మెయిన్స్ లైన్ మీద ఒక సాదా రిలే, అంటే కరెంటు ఉంటే ఒకలా పోతే ఇంకోలా మారే స్విచ్, పెడితే సరిపోతుంది. డిసెంబరులో లైను మరమ్మతుకు కరెంటు తీసినా కప్పు మూసుకుపోతుంది, నిజమే. మంచి రాత్రిలో ఒక గంట పోతుంది, అంతే. రెండు నిమిషాలు ఆగి మూయమంటే చిన్నాచితకా కోతలకు కదలదు కూడా. దీనికి తోడు గాలి వేగం కొలిచే గిన్నెల మీటరు, ఆకాశం వైపు చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు. మబ్బు లేని ఆకాశం నేల కంటే బాగా చల్లగా కనిపిస్తుంది, మబ్బు పట్టగానే వెచ్చబడుతుంది. ఎంఎల్ఎక్స్90614 అనే చిప్పు పెట్టి, కోఠీ గుజరాతీ గల్లీలోని ఎలక్ట్రానిక్స్ సామానుతోనే ఇది తయారవుతుంది. అయితే ఎంత వెచ్చబడితే మబ్బు అనాలో చలిదేశాల వాళ్లు పెట్టుకున్న అంకెలు ఇక్కడ పనికిరావు. జూన్ తర్వాత గాలిలో తేమకే ఆకాశం వెచ్చగా కనిపిస్తుంది. మన అంకె మనమే నెలా రెండు నెలలు చూసి పెట్టుకోవాలి. రెయిన్ సెన్సర్ వరసలో చివరిది. దాన్ని కంప్యూటర్ గుండా పంపకుండా తీగతో నేరుగా కప్పు కంట్రోలర్‌కు కలపడం ఉత్తమం. విండోస్ అప్‌డేట్ మధ్యలో ఉన్న కంప్యూటర్‌కు వాన అర్థం కాదు.

ఇంతవరకూ చెప్పింది తేలిక భాగం. చిక్కు దీని తర్వాత ఉంది. కప్పు మూసుకోవడమే రక్షణ అనుకుంటే ఒక సంగతి మరిచిపోయినట్టు. చాలా అబ్జర్వేటరీల్లో టెలిస్కోపు నిటారుగా ఉన్నప్పుడు గోడల కంటే ఎత్తుగా ఉంటుంది. ఆ స్థితిలో కప్పు వస్తే 300 కిలోల ఇనుము నేరుగా గొట్టాన్ని గుద్దుతుంది. వాన నుంచి కాపాడబోయి అద్దం పగలగొట్టుకున్నట్టు. అందుకే టెలిస్కోపును పడుకోబెట్టి, అంటే పార్క్ చేసి, ఆ తర్వాతే కప్పు కదలాలి. అది పడుకుందని కప్పుకు ఎవరు చెప్పాలి?

సాఫ్ట్‌వేర్ చెబితే నమ్మకూడదు. ఆ మాట ఎంత తేలిగ్గా అబద్ధమవుతుందో దగ్గరగా చూడాలి. రాత్రి తొమ్మిదిన్నరకు టెలిస్కోపు నడినెత్తిన నక్షత్రగుచ్ఛాన్ని చూస్తోంది. గాలి లేచింది, కరెంటు పోయింది. కప్పు మోటారుకు, రౌటరుకు, కంప్యూటర్‌కు బ్యాటరీ ఉంది. టెలిస్కోపును మోసి తిప్పే మౌంటు అడాప్టర్ మాత్రం ఎక్స్‌టెన్షన్ బోర్డులో మామూలు ప్లగ్గుకు ఉంది, ఎందుకంటే యూపీఎస్‌లో సాకెట్లు నిండిపోయాయి. మౌంటు నిటారుగా చచ్చిపడింది. నిమిషానికి కరెంటు వచ్చి మళ్లీ పోయేలోపు మౌంటు లేచింది. అబ్సల్యూట్ ఎన్‌కోడర్లు, అంటే కరెంటు పోయి వచ్చినా ఉన్న కోణం చెప్పగల సెన్సర్లు, లేని మౌంటుకు తాను ఎక్కడుందో గుర్తుండదు. లేచిన చోటే తన ఇల్లు అనుకుంటుంది. సాఫ్ట్‌వేర్ అడిగితే ఇంట్లోనే ఉన్నానంటుంది. కంట్రోలర్ తృప్తిపడి కప్పును కదిలిస్తుంది. ఈ కథలో చెడిపోయిన వస్తువు ఒక్కటీ లేదు, తక్కువైంది ఒక సాకెట్.

మౌంటుకు తప్పనిసరిగా అదే బ్యాటరీ లైను ఇవ్వాలి, ఇది మొదటి పాఠం. రెండోది, పార్క్ అయిందనే సాక్ష్యం వస్తువు నుంచే రావాలి. గొట్టానికి ఒక అయస్కాంతం, పక్కన స్తంభం మీద అయస్కాంతం దగ్గరకొస్తే కలిసే రీడ్ స్విచ్. మౌంటు తిరిగే రెండో అక్షానికి ఇంకో జత. లేదా గోడ నుంచి గోడకు, కప్పు దిగువ అంచు ఎత్తులో ఒక కాంతి కిరణం. ఏదైనా అడ్డు ఉంటే కప్పు కదలదు. స్విచ్‌లు వరసగా కలిపి ఉండాలి, రెండూ ఒప్పుకుంటేనే మోటారుకు దారి. తీగ తెగితే ఒప్పుకోనట్టే లెక్క కావాలి. నల్లచీమలు, బల్లి గుడ్లు స్విచ్ డబ్బాల్లో చేరడం ఇక్కడ మామూలే కాబట్టి సీలు వేసిన రకం కొనడం మేలు.

అయితే ఈ సాక్ష్యాలన్నీ పెట్టాక కూడా ఒక మూల మిగులుతుంది. స్విచ్ చెడితే టెలిస్కోపు పడుకున్నా కప్పు రాదు, వాన వస్తుంది. అక్షం ఇరుక్కుంటే టెలిస్కోపే పడుకోదు. కప్పు దెబ్బ నుంచి టెలిస్కోపును రక్షించే ప్రతి తాళం వాన రాత్రి మూయకుండా ఆపే తాళం కూడా. ఈ ముడి విప్పే దారి ఎలక్ట్రానిక్స్‌లో దొరకదు, గోడల ఎత్తులో దొరుకుతుంది. టెలిస్కోపు ఏ దిక్కు చూస్తున్నా తగలనంత ఎత్తులో కప్పు వస్తే పార్క్ ప్రశ్నే లేదు. సెన్సర్లు సగానికి తగ్గుతాయి. గోడ ఎత్తయితే దిగంతం దగ్గరి ఆకాశం పోతుందన్న అభ్యంతరం నగరంలో పెద్దగా నిలవదు. నలువైపులా అపార్టుమెంట్ల లైట్లు కమ్మేసిన ఆ కింది 20 డిగ్రీల్లో ఏం కనిపిస్తుంది గనక! ఉత్తరం వైపు మాత్రం చూసుకోవాలి. హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ధ్రువ నక్షత్రం కూడా నేలకు దాదాపు అంతే ఎత్తున ఉంటుంది. మౌంటును ధ్రువానికి సరిచేయడానికి ఉత్తరపు గోడలో ఒక చిన్న కిటికీ వదిలితే పని అయిపోతుంది.

ఎత్తు పెంచలేనివారికి ఇదే అక్షాంశం వేరే రకంగా కలిసొస్తుంది. మౌంటు ధ్రువాక్షం, అంటే ధ్రువం వైపు గురిపెట్టిన ఇరుసు, ఇక్కడ దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది. కంపెనీ ఇచ్చే హోమ్ స్థితిలో గొట్టానికి సమతూకం నిలిపే బరువుల కడ్డీ కిందికి, గొట్టం పైకి ఉంటాయి. గొట్టం ధ్రువం వైపు తిరిగి దాదాపు అడ్డంగానే ఉన్నా మౌంటు నెత్తిన కూర్చుంటుంది. కడ్డీని అడ్డంగా తిప్పి, గొట్టాన్ని మౌంటు పక్కకు దించి అక్కడే పార్క్ చేస్తే ఎత్తు ఇంకా తగ్గుతుంది. ఒక్క స్క్రూ కొనకుండా వచ్చే లాభం ఇది.

గేటు మోటారు గేటు కోసం పుట్టింది, కప్పు కోసం కాదు. ఈ తేడా రెండు చోట్ల కరుస్తుంది. గేటుకు ఏదైనా అడ్డం తగిలితే వెనక్కి తెరుచుకోవాలి, మధ్యలో పిల్లాడో కారో ఉండొచ్చు. కప్పు మీద గాలి తోస్తే మోటారు దాన్నీ అడ్డంకే అనుకుంటుంది. గాలివాన మధ్యలో కప్పును పూర్తిగా తెరిచి నిలబడుతుంది. ఈ తెలివిని మొత్తంగా తీసేయమనడం తప్పు. డాబా మీద మనుషులు తిరుగుతారు, 300 కిలోల కప్పుకు వేలు దొరికితే వదలదు. అడ్డం తగిలితే ఒక జానెడు వెనక్కి వెళ్లి ఆగి, మూడుసార్లు ప్రయత్నించి, అప్పటికీ కాకపోతే హారన్ మోగించేలా సర్దుకోవచ్చు. కదిలే ముందు హూటర్, పట్టాల వెంట ఫొటో సెన్సర్ ఎలాగూ ఉండాలి. రెండో చోటు ఆజ్ఞ ఇచ్చే తీరు. ఒకే బటన్‌తో తెరువు, ఆగు, మూయి, ఆగు అని తిరిగే గేటు బోర్డుకు మధ్యలో కరెంటు పోతే తర్వాతి నొక్కుకు ఎటు వెళ్తుందో చెప్పలేం. తెరవడానికి ఒకటి, మూయడానికి ఒకటి వేర్వేరు తీగలున్న బోర్డు తప్ప కొనకూడదు. ఇంట్లో అల్లుకున్న కంట్రోలర్లకు ఇంకో జబ్బుంది. ఇఎస్‌పి8266 లాంటి చిప్పుల్లో కొన్ని పిన్నులు స్టార్టయ్యే క్షణంలో తమంతట తామే ఆన్ అయి ఆఫ్ అవుతాయి. వాటికి రిలే తగిలిస్తే కరెంటు వచ్చిన ప్రతిసారీ కప్పు ఉలిక్కిపడుతుంది.

ఆగడం కూడా మూయడమంత ముఖ్యం. పట్టాల చివర చేరగానే ఆపాల్సిన లిమిట్ స్విచ్ పనిచేయక కప్పు పట్టాల చివర దాటితే, రెండంతస్తుల ఇంటి మీద అది పిట్టగోడ మీదికి, ఆపైన పక్కింటి పెరట్లోకి పోతుంది. మొదటి లిమిట్ కంట్రోలర్‌కు చెబుతుంది. దానికి నాలుగంగుళాల అవతల రెండో లిమిట్ ఎవరికీ చెప్పకుండా మోటారు కరెంటే తెంపాలి, ఎందుకంటే పిడుగు తర్వాత రిలే కాంటాక్టులు అతుక్కుపోయి కంట్రోలర్ ఆగమన్నా మోటారు ఆగని రోజు ఉంటుంది. దాని అవతల వెల్డింగ్ చేసిన ఇనుప దిమ్మ, రబ్బరు బఫరు. ఈ దిమ్మను తర్వాత చూద్దాంలే అని వదిలేసేవాళ్లే ఎక్కువ.

గాలి కప్పును పక్కకు తోయడంతో ఆగదు, పైకీ లాగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల గాలికి తొమ్మిది చదరపు మీటర్ల కప్పు మీద లాగుడు 400 కిలోలు దాటొచ్చు. 300 కిలోల కప్పు తన బరువుతో కూర్చుంటుందన్న ధీమా అక్కడితో సరి. భవనాల మీద గాలి భారానికి వాడే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో హైదరాబాద్‌కు ఇచ్చిన మూల వేగం సెకనుకు 44 మీటర్లు. ఆ లెక్కన లాగుడు టన్ను పైమాటే. చక్రాల పక్కన పట్టా కిందికి వంగిన కొక్కేలు కప్పు ప్రయాణమంతా ఉండాలి, మూసినప్పుడు మాత్రమే పడే గొళ్లెం చాలదు. సగంలో ఆగిన కప్పు కిందికి గాలి దూరినప్పుడే ప్రమాదం ఎక్కువ.

చివరికి మనిషి. మోటారు క్లచ్ విడదీసే తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికైనా తెలియాలి. క్లచ్ వదిలాక మోటారు పట్టు పోతుంది, గాలికి కప్పు దానంతటది పరుగెడుతుంది కాబట్టి తాడు కట్టాకే క్లచ్ తియ్యాలి. కప్పు ముందు అంచుకు నైలాన్ తాడు, ఎదురు గోడకు బావి గిలక లాంటి ఒక గిలక ఉంటే లోపల నిలబడి ఒక్కరే లాగేయొచ్చు. వికారాబాద్ వైపో షాద్‌నగర్ వైపో ఫామ్‌హౌస్‌లో అబ్జర్వేటరీ పెట్టి, మాదాపూర్‌లో కూర్చుని నడిపేవారికి ఆ ఒక్కరు వాచ్‌మన్. ఆయనకు యాప్ నేర్పక్కర్లేదు, తాడు చూపించాలి.

పగలు కూడా లెక్కలోకి వస్తుంది. కప్పు తెరిచి ఇరుక్కుపోయి తెల్లారితే వాన లేకపోయినా ఎండ ఉంటుంది. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో హైదరాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నీడ మాయమవుతుంది. ఆ రోజుల్లో నిటారుగా ఆగిపోయిన టెలిస్కోపులోకి సూర్యుడు సూటిగా దిగుతాడు. కెమెరాతో పాటు లోపల ప్లాస్టిక్ ఏదుంటే అది కాలుతుంది.

పరీక్షకు మంచి వేళ అమావాస్య ముందు రోజు. పరిశీలనకు ఎలాగూ సామాను దులిపే రోజు అదే. చేయాల్సింది మెయిన్స్ ప్లగ్గు పీకి, చేతులు కట్టుకుని నిలబడటం. టెలిస్కోపు వాలిందా, కప్పు వచ్చిందా, ఎన్ని సెకన్లు పట్టింది. మృగశిర లోపు ఒకసారి కంప్యూటర్ కూడా ఆపేసి, ఒకసారి పార్క్ స్విచ్ తీగ ఊడదీసి చూడాలి. తీగ ఊడదీసిన పరీక్షలో కప్పు కదలకపోతేనే పాసైనట్టు. వాన కాలమైపోయిందని అక్టోబరులో వదిలేయడానికీ లేదు. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 30 సెంటీమీటర్ల పైన కురిసింది చిత్త కార్తెలోనే.

అన్నీ విఫలమైన రాత్రికి ఒక టార్పాలిన్ కావాలి. మందంగా, నాలుగు మూలలా తాళ్లతో, తలుపు పక్కన మేకుకు వేలాడుతూ. దాని పైన గోడ మీద పెద్ద అక్షరాలతో పెయింటుతో రాసి ఉంచాల్సింది మూడే ముక్కలు: టెలిస్కోపు నిలబడి ఉంటే కప్పు లాగొద్దు. ముందు దాని మీద ఈ టార్పాలిన్ వెయ్. ఆ తర్వాత ఫోన్ చెయ్.